వెనక సీటు చెయ్యి

మండపేట దాటాక కాలువ గట్టు మీది టీ కొట్టు దగ్గర మోటారు సైకిళ్ల క్లబ్బు వాళ్ల బళ్లు పన్నెండూ ఆగాయి. ముందు బండి నడిపిన అమ్మాయి హెల్మెట్ తీసింది. ఆమె వెనక సీట్లోంచి దిగిన పెద్దాయన బల్ల మీద కూర్చుని మోకాలు నిమురుకున్నాడు.

"నొప్పిగా ఉందాండి?"

"నొప్పి కాదమ్మా, సిగ్గు. ముప్పై ఏళ్లు ఈ వరసకి నా బండే ముందు. ఇవాళ వెనక కూర్చుని కూడా గొయ్యొచ్చినప్పుడల్లా కాలితో బ్రేకు వెతుక్కుంటున్నాను."

"వెనకవాళ్లకి చెయ్యి కూడా చూపిస్తున్నారండి."

"అలవాటు. అప్పట్లో ఇదంతా మట్టి రోడ్డు. ధాన్యం లారీ వెనక పడితే దుమ్ములో ఏమీ కనబడేది కాదు. నా చెయ్యి చూసుకునే అందరూ వచ్చేవారు. ఇప్పుడు ఆ పని నీది కదా, ఏమనుకోకు."

"నేను మానేశానండి."

"అదేంటి? నేర్పింది మరిచిపోయావా?"

"లేదండి. ద్వారపూడి దగ్గర గేదెలు అడ్డమొస్తే ముందు నేనే చెయ్యెత్తాను. అద్దంలో చూస్తే ఒక్కరూ నెమ్మదించలేదు. తర్వాత మీరెత్తారు. పదకొండు బళ్లూ ఒక్కసారే నెమ్మదించాయి."

ఆయన వెనక్కి తిరిగి, వరసగా ఆగిన బళ్ల వంక చూశాడు.

"బండి అమ్మేశాను కదా, ఇదే ఆఖరుసారి అనుకుని వచ్చానమ్మా."

"ఆలమూరు దాకా గోతులేనటండి."

పెద్దాయన మోకాలు పట్టుకుని లేచాడు.

"మరి కూర్చున్నావేంటి? పద. వెనకవాళ్లకి ఎవరు చెబుతారు?"