శరణమ్మ ఎక్కని బండి

జహీరాబాద్ అడ్డా మీద ఝరాసంగం ఆటో నిండేదాకా నాగప్ప కోతలు ఆగవు. ఆ రోజు ఆటోలో మొదటి సీటు నాది కాబట్టి మొదటి నుంచీ విన్నాను. సావిత్రమ్మ చాయ్ బండి పక్కన తన మోటారు సైకిలు నిలబెట్టి, గ్లాసు పట్టుకొని ఆటో మల్లేశ్‌తో మొదలుపెట్టాడు.

“ఆగమాగమెందుకు మల్లేశా? నీ ఆటోకు ఇంక నలుగురు రావాలె. అందాక నా బండి దిక్కు జర చూడు. మొన్నటిదాంక మామూలు బండి. నిన్న మా అరుగు మీద కూసొని, ఒక్క పాన పట్టుకొని సామానంత నేనే బిగించిన. ముందట లైట్లు, లెగ్ గార్డు, కొత్త హారన్, ఎనుక ఆనుకోనీకి మెత్త. మెకానిక్ మొఖం గూడ చూడలే. ఎవలి కోసం ఎర్కేనా? మా ఇంటామె శరణమ్మ కోసం. నాలుగు నెలల సంది బండెక్కుతలేదు. ఇయ్యాల ఝరాసంగంల మరదలి బిడ్డకు తొట్టెల పండుగ. ఆటోల పోత అన్నది. ఆమె కన్న ముందుగాల వచ్చి ఈడ కూసున్న. ఇవన్ని చూసినంక ఎట్ల ఎక్కదో చూస్త.”

“బిగించనీకి ఎంతసేపు పట్టిందే అన్నా?” అన్నాడు మల్లేశ్.

“చాయ్ సల్లారలే! మా ఇంటామె చాయ్ పెట్టి లోపలికి పోయింది, అన్ని బిగించినంక తాగితే మూతి కాలింది. అది సరే, ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? నిన్న మబ్బు పట్టి ఉండె గదా. మొగుడంపల్లి దిక్కు పోయి లైట్లు ఏసి చూసిన. కల్లంల కందులు ఆరబోసిన్రు, తడితడిగున్నయ్. నేను అట్ల పోయి ఇట్ల మర్లేసరికి ఎండుడు కాదు, ఏగినయ్! ఊరంత కమ్మటి వాసన. ఒక ముసలమ్మ ఉప్పుకారం కలుపుకొని తినవట్టింది.”

ముగ్గురు ఆడవాళ్లు నవ్వుకుంటూ ఆటో ఎక్కారు. జనం పెరిగితే నాగప్పకు గొంతు కూడా పెరుగుతుంది.

“హారన్ సంగతి ఇను. చిరాగ్‌పల్లి కాడ పెద్ద రోడ్డెక్కి జర వత్తిన. పసిపిల్ల బుగ్గ గిల్లినంత, అంతే. నా ముందర లారీలు జరిగినయ్. వాటి ముందరియి జరిగినయ్. అట్ల జరుగుకుంట జరుగుకుంట బొంబాయిదాంక రోడ్డు ఖాళీ! ఆడికెల్లి ఫోన్ చేసిన్రు, ‘నాగప్ప సాబ్, మెల్లగ వత్తున్రి, సముద్రంల ఓడలు గూడ పక్కకు జరుగుతున్నయ్’ అని.”

“వాళ్లకు నీ నంబరు ఎవలిచ్చిన్రు?” అంది సావిత్రమ్మ, పాలు కలుపుతూనే.

“మంచోని నంబరు అందరి కాడ ఉంటదక్కా. ఇగ ఎనుక మెత్త. దానికి ఆనించి చెంబెడు పాలు పెట్టి ఝరాసంగం పోయివచ్చిన. తొవ్వంత గుంతలే గదా? చుక్క తొణకలే. అంత నిమ్మళంగ ఉన్నయంటే, ఇంటికొచ్చేసరికి పెరుగు తోడుకున్నది!” నాగప్ప గొంతు ఒక్కసారిగా తగ్గింది. “పాలే తొణకలేదంటే, ఇగ మా శరణమ్మ ఎట్ల పడ్తది చెప్పు?”

“మరి నాలుగు నెలల కింద ఎట్ల పడ్డదే అక్క?” అన్నాడు మల్లేశ్.

“గాలిదుమారం. కొంగు ఎగిరి చక్రంల పడ్డది.”

సావిత్రమ్మ గరిటె పక్కన పెట్టింది. “నాగప్పా, ఆడోళ్లం ఒక దిక్కు కూసుంటం. కొంగు చక్రంల పడకుండనే ఆడ సారీ గార్డు పెడ్తరు. ముసలోళ్ల బండి లెక్కున్నదని దాన్ని పీకి పారేసినవ్. గాలి మీదికి దొబ్బుతవేంది? నిన్న గిన్ని బిగించినవ్, అది బిగించినవా?”

నాగప్ప బండి వైపు చూశాడు. ఎడమవైపు వెనక చక్రం ఊచలు ఎప్పటిలాగే బోడిగా కనబడుతున్నాయి. చాయ్ గ్లాసు పక్కనున్న బల్ల మీద పెట్టేశాడు. పాపం అనిపించింది.

అంతలో శరణమ్మ వచ్చింది. ఎడమ మోచెయ్యి ఇంకా పూర్తిగా చాపలేకపోతోంది. లైట్లు చూడలేదు, మెత్త చూడలేదు. వంగి వెనక చక్రం చూసి, సంచిలోంచి ఇనప జాలీ ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. తోమి కడిగినా కోడిరెట్ట మరకలు పోలేదు.

“బండికున్నది పీకి కోడిపిల్లల మీద బోర్లిచ్చినవ్ గదా. అవి పెద్దగైనయ్, వాటికి ఇగ అక్కర లేదు. నాకు కావాలె.”

“చిటికెల బిగిస్త, కూసో...”

“చిటికెల పని నాకొద్దు. ఇప్పుడు ఆటోల పోత. మాపటికి ఝరాసంగం రా. ఇది గట్టిగుంటే ఎనుక కూసుంట. నాకు గూడ నీ బండి మీద వచ్చుడే ఇష్టం.”

నా పక్కన మిగిలిన సీటులో కూర్చుంది. మల్లేశ్ బండి స్టార్ట్ చేయబోతుంటే నాగప్ప ఆటో దగ్గరికి వచ్చాడు.

“మల్లేశా, నీ పాన జర ఇచ్చి పో.”

“ఎంతసేపు పడ్తదే?” అంటూ మల్లేశ్ సీటు కింద నుంచి తీసి ఇచ్చాడు.

నాగప్ప జాలీని అటూ ఇటూ తిప్పి చూశాడు. “రెండు గంటలు పడ్తది. మొదలు ఉల్టా బిగిస్త. మల్ల ఇప్పి సీదా బిగించాలె.”

“మూడైనా కానీ,” అంది శరణమ్మ కొంగు నడుముకు దోపుకుంటూ. “నీ కోసం చూస్తుంట.”