సెలవు కాగితం అడగని తప్పు

నన్ను కూర్చోమనకు వీరభద్రం, నిలబడే మాట్లాడతాను. నా పొయ్యి దగ్గర ఆ అమ్మాయెవరు? ఈ అమెరికాలో ఎనిమిదేళ్ళు నీ కొట్లో కూరలు వండినదాన్ని. ఆరు వారాలు కనపడకపోతే చచ్చిపోయాననుకున్నావా?

తల దించుకుంటావేంటయ్యా? మా తమ్ముడు చక్రపాణికి కిడ్నీ ఇస్తున్నానంటే నువ్వేమన్నావు? “వెళ్ళిరండి ఆంటీ, మన మధ్య కాగితాలేంటి?” అన్నావా, లేదా? సెలవు రాసిమ్మని అడగడానికి నాకే మొహమాటమేసింది. మనవాడివి కదా!

పైగా ఉగాది సభకి షాంటిలీ ఊళ్ళో మన తెలుగువాళ్ళందరి ముందూ నన్ను స్టేజి ఎక్కించి శాలువా కప్పావు. ఫోటోలు దిగావు. మర్నాడు పనికొస్తే, “ఒక్క కిడ్నీతో ఉన్నారు, ఇక్కడ పడిపోతే నాకు రిస్క్” అంటావా!

డాక్టరేమో పనికెళ్ళొచ్చన్నాడు. ఇంకో నెల బియ్యం బస్తాలు ఎత్తొద్దన్నాడు, అంతే. వంకాయలు తరగడానికి ఎన్ని కిడ్నీలు కావాలి వీరభద్రం?

అవును, లాయర్ దగ్గరికి వెళ్ళాను! ఎందుకు వెళ్ళను? ఆపరేషన్‌కి సెలవు పెడితే ఉద్యోగం తియ్యకూడదనే చట్టం యాభై మంది పనిచేసే చోటైతేనేనట. మనం తొమ్మిది మందిమి. అదే ఫెడరల్ గవర్నమెంటు ఉద్యోగినైతే ముప్పై రోజులు జీతంతో సెలవిచ్చేవాళ్ళట. చూశావా, ఆఫీసువాళ్ళ కిడ్నీకి చట్టముంది, వంటమనిషి కిడ్నీకి లేదు! అమ్ముకుంటే జైల్లో వేస్తారు, ఊరికే ఇస్తే ఉద్యోగం పీకేస్తారు. ఇదేం న్యాయం?

“మీ ఓనర్ ఏమైనా రాసిచ్చాడా?” అనడిగింది ఆ లాయరమ్మ. లేదన్నాను. ఫైలు మూసేసింది.

ఏంటీ? తమ్ముడు బతికాడు కదా అంటావా? బతికాడు. “పనికెప్పుడు వెళ్తావక్కా?” అని రోజూ ఫోన్ చేస్తాడు. ఇంకా సెలవేరా అని అబద్ధం చెబుతున్నాను. నీ పరువు కోసం కాదులే. వాడు తట్టుకోలేడు.

ఇంకోటి కూడా విను. నిన్న రష్మి వచ్చింది, డేకేర్‌లో పనిచేస్తుందే, ఈశ్వరయ్య గారమ్మాయి. వాళ్ళ నాన్నకి కిడ్నీ ఇద్దామనుకుంటోంది. నన్ను స్టేజి మీద చూసిందట, నేను ధైర్యం చెబుతాననుకుని వచ్చింది. “మా ఓనర్ వెళ్ళిరమ్మంది ఆంటీ, చాలా మంచిది” అంది.

ఈశ్వరయ్య వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నాడని తెలుసు నాకు. ఆయనకి ఇంకెవరి కిడ్నీ సరిపోలేదనీ తెలుసు.

ఇవ్వొద్దని చెప్పి పంపించాను.