ఊటకొండ కోసం సుంకమ్మ చెయ్యెత్తిన పొద్దు

సుంకమ్మ అని, కంబళ్ళదిన్నె కురుబోళ్ళ ఆడమనిషి. కంబళ్ళు నేసి నెత్తిన పెట్టుకోని ఏడూర్లు తిరిగి అమ్మేది. నల్లగ, పొడుగ్గ ఉండేది. ఇంగ గొంతంటావా, ఈ గట్టున పిలిస్తే ఆ గట్టున మేసే గొర్రె తలెత్తి సూడాల, అట్లాంటి గొంతు. ఆయమ్మ ఎమ్మెల్యే ఎట్లయిందంటారా? ఏమైందంటే, ఆ యేడు ఓట్లప్పుడు పార్టీలో ఇద్దరు పెద్దమనుషులు టికెట్టు నాకంటే నాకని కొట్లాడుకున్యారంట. ఇద్దుర్లో ఎవురికిచ్చినా రెండోవాడు ఊరుకోడు. సరే, ఇద్దురికీ వద్దు, నోట్లో నాలిక లేని మనిషినెవుర్నన్నా నిలబెడదామని ఎతికి ఎతికి సుంకమ్మను పట్టుకున్యారంట. నాలిక లేదని ఎవురు చెప్పినారో వాళ్ళకు! ఏడూర్లోళ్ళు మన సుంకక్కే గదా అని గుద్దినారు ఓట్లు. గెలిచింది. గెలిచి రాజధానికి పోయి రెండేండ్లు ఆ సభలో కూచునింది గానీ ఒక్క మాట మాట్లాడింది లేదు. తెలీక కాదప్పా. ఎవురన్నా అడిగితే, "ఆడ మాట్లాడేవాళ్ళు శానామంది ఉండారు, ఇనేవాళ్ళే ల్యారు, అందుకని నేను ఇంటాండా" అనేదంట.

ఇంగ ఆ పొద్దు ఏమైందంటే, సభ మొదలైంది. మొదట ప్రశ్నలు. మెంబర్లు అడగాల, మంత్రులు జవాబు చెప్పాల, అదీ ఆడ పద్ధతి. సముద్రం పక్క ఊరి మెంబరు ఒకాయన లేచి, అధ్యక్షా, రాయి కొట్టుకునేదానికి ఈ యేడు ఏ కొండలు ఇస్తా ఉండారో చెప్పమని అడిగినాడంట. అధ్యక్షా అంటే స్పీకరు. ఎవురికి చెప్పాల్సిన మాటైనా ముందు ఆయప్పకే చెప్పాలంట. గనుల మంత్రి శేషాచలపతి లేచి కాగితం తీసి సదవబట్టినాడు. ఆ కొండ, ఈ కొండ, ఇంగో కొండ. సుంకమ్మ ఇంటా ఉంది. కొంచేపటికి ఊటకొండ అన్యాడు. మన ఏడూర్ల గొర్రెలు మేసే ఊటకొండే! "సదరు కొండపై నీటి వనరు లేదు, మేత లేదు, జనసంచారం లేదు. వచ్చే సోమవారం ఒప్పందం జరుగుతుంది" అని సదివి, ఇంగో కొండకు పోయినాడంట.  ఊటకొండ మీదనే గదా సుంకమ్మ పుట్టింది. నిజ్జంగానే! వాళ్ళమ్మ నిండు నెలల్తో గొర్రెలు మేపను పోయి ఆడనే కన్నింది. సోమవారం అంటే ఇంగ నాలుగు దినాలు.

చెయ్యెత్తింది. ముందు వరసలో వాళ్ళ పార్టీ విప్పు కూచున్యాడు. విప్పంటే ఏమనుకున్యారు, పార్టీ మంద చెదరకుండా తోలేవాడు. ఆయప్ప ఎనక్కి తిరిగి సూసి అదిరిపోయినాడంట. లేచి దగ్గరకొచ్చి వంగి, అమ్మా, చెయ్యి దించమ్మా, మంత్రి మన మంత్రి, ప్రభుత్వం మన ప్రభుత్వం, అడిగితే ఎదుటిపక్కోళ్ళు అడగాల గానీ మనమడగకూడదు అన్యాడంట. "కొండ గూడా మనదే గదన్నా" అనింది సుంకమ్మ. "నిన్నీ కుర్చీలో కూచోబెట్టింది పార్టీ. పార్టీ మాట దాటితే నీకే మంచిది కాదు" అన్యాడు. అప్పుడు ఆయమ్మ ఆలోచన చేసిందంట. దించుదామా అని ఒక్క నిమిషం అనుకునిందంట. ఎందుకనుకోదు? కంబళ్ళు అమ్ముకునే మనిషిని తీసకపోయి అంత పెద్ద ఇంట్లో కూచోబెట్టినారు, ఇశ్వాసం ఉండదా? ఉంటాది. చెయ్యి సగం దిగింది గూడా. దిగిన చెయ్యి మళ్ళీ పైకి పోయింది. "అన్నా, నువ్వు నాకు చెడుపు చెప్పలేదు, నాకు తెలుసు. కానీ నేను ఈడ గమ్మునుంటే రేపు ఏడూర్లలో ఎవురి వాకిట్లో నిలబడాల?" అనిందంట.

రెండేండ్లుగా లేవని చెయ్యి లేస్తే స్పీకరు సూడకుండా ఉంటాడా? సుంకమ్మగారూ, మాట్లాడండి అన్యాడు. ముందర మైకుంది గానీ దాని మీట యాడ నొక్కాల్నో ఆయమ్మకు తెలీదు. దాంతో ఏం పని? "అధ్యక్షా!" అనిందంట. గట్టు మీద పిలిచే గొంతు అది! పైన కునుకు తీస్తాండే పేపరోళ్ళు గూడా ఉలిక్కిపడి లేచి కూచున్యారంట. "మంత్రిగారు ఊటకొండ మీద నీళ్ళు ల్యావన్యారు. ఎందుకు ల్యావు? పావురాల ఊట ఉంది. జాలమ్మ ఊట ఉంది. తోడేలు చెలమ ఉంది. ఎండాకాలం మూడు నెల్లు ఏడూర్ల జీవాలకు అయ్యే నీళ్ళు" అనింది. అనేసరికి ఎదుటిపక్క ఒకాయన "ల్యావు, ల్యావు" అని మన యాసను ఎగతాళి పట్టినాడంట. నలుగురు కిసుక్కుమన్యారు.  స్పీకరు కళ్ళద్దాలు తీసి ఆయప్ప పక్క సూసి, "ఆమె మాట్లాడేది తెలుగే. మీకు అర్థం కాకపోతే ఆ తప్పు ఆమెది కాదు. కూర్చోండి" అన్యాడంట. చెప్పినాడా మల్ల! సుంకమ్మ కొంగు భుజాన సర్దుకోని, "మంత్రిగారిని ఒక్కటే అడుగుతా. మీ ఆఫీసరు కొండ ఎక్కి సూసినాడా?" అనింది. మంత్రి కాగితంలో ఎతికి, ఎక్కి చూశారు, ఉత్తరం వైపు నుంచి ఎక్కారు అన్యాడు. "ఉత్తరం పక్క నిలువు బండ అధ్యక్షా. మేక గూడా ఎక్కదు. ఎక్కిన ఆ ఆఫీసరెవురో సూపీండి. తప్పిపోయిన మేకల్ని ఎతకను మాకు అట్లాంటోడే కావాల, రేప్పొద్దున్నే పనిలో పెట్టుకుంటాం!" సభ గొల్లున నవ్విందంట. ముందు ఎగతాళికి నవ్వినోళ్ళు ఈ తూరి ఆయమ్మ పక్కన చేరి నవ్వినారు. ఆయమ్మ మాత్రం నవ్వలేదు. నవ్వులు అణిగిందాకా నిలబడి, "జనసంచారం లేదన్యారు. నన్ను మాయమ్మ ఆ కొండమీదనే కన్నింది. పావురాల ఊటలోనే కడిగి కొంగులో చుట్టుకోని దిగొచ్చింది. నేను జనం కానా అధ్యక్షా?" అనిందంట.  

మంత్రి గూడా మంచోడే అనుకో. ఎవురో రాసిచ్చింది సదివినాడు, అంతే. పక్కన ఆఫీసర్లు కూచునే చోటికి చీటీ పంపినాడు. ఆ చీటీ తిరిగొచ్చింది. సదివేసరికి ఆయప్ప మొగం కందగడ్డ అయిందంట. లేచి, "అధ్యక్షా, మా వాళ్ళు రోడ్డు మీద నుంచే చూశారట. నేను సభకు చెప్పిన జవాబు తప్పు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. సోమవారం ఒప్పందం ఆపుతున్నాను. అన్ని పార్టీల సభ్యులూ పోయి, కొండెక్కి చూసి వచ్చి చెప్పండి" అన్యాడంట. అంతే, బల్లలు కొట్టినారు సూడు, ఈ పక్క ఆ పక్క అని లేకుండా అందరూ కొట్టినారు. విప్పు ఆయప్ప గూడా రెండు దెబ్బలు కొట్టినాడంట, మెల్లిగా, ఎవురికీ ఇనపడకుండా. సభ అయినాక, ఆడ మాటలన్నీ రాసుకునే ఆడపిల్ల ఒకామె ఉరుక్కుంటా వచ్చి, అమ్మా, మీ మాటలు పుస్తకంలో అచ్చుకు పోతాయి, ల్యావు అన్నదాన్ని లేవు అని దిద్దమంటారా అని అడిగిందంట. "దిద్దితే ఇంగెవురో మాట్లాడినట్లయితాది బిడ్డా. అట్లనే ఉండనీ" అనింది సుంకమ్మ. అట్లనే అచ్చేసినారు. మన మాట, మన యాస, సర్కారు పుస్తకంలో! సెప్తాంటే ఇప్పుడు గూడా నాకు ఒళ్ళు పులకరిస్తాది.

పదైదు దినాలకు మెంబర్లు ఐదుమంది వచ్చినారు. ల్యావు ల్యావు అన్న ఆయప్ప గూడా వచ్చినాడు. సుంకమ్మ చెప్పుల్లేకుండా ముందర నడిచింది, వాళ్ళు రొప్పుకుంటా, చెమట తుడుచుకుంటా ఎనకపడినారు. పావురాల ఊట కాడికి పోయేసరికి ఆయప్ప నోరు పిడచకట్టింది. బోర్లా పండుకోని మూతి పెట్టి తాగినాడంట. "సారూ, నీళ్ళు ఉండాయా ల్యావా?" అని అడిగింది సుంకమ్మ. "ఉండాయి తల్లీ, ఉండాయి" అన్యాడంట, అచ్చం మన మాదిరే! వాళ్ళు పోయి నీళ్ళుండాయని సభలో చెప్పినారు, కొండ నిలిచింది. ఇంగ సుంకమ్మకు ఏమిచ్చినారంటారా? ఏమిస్తారు, మళ్ళీ ఓట్లకు టికెట్టు ఇయ్యలేదు. ఆయమ్మ మళ్ళీ కంబళ్ళు ఎత్తుకునింది. అక్కా, టికెట్టు రాలేదని బాధ లేదా అంటే, "బస్సుకు కావాల టికెట్టు, కొండెక్కేదానికి ఏం టికెట్టురా" అనేది. ఆయమ్మ మీకేమైతాదని మొన్న ఒకడు నన్ను అడిగినాడు. ఏం కాదు, ఇంటిపేరు వేరు, కులం వేరు. అయితే ఆ పొద్దు నుంచి ఈ ఏడూర్లలో ఆయమ్మకు సుట్టం కానోడు ఒక్కడన్నా ఉంటే పట్టుకరాండి, నేను గూడా సూస్తా.