కుప్పలో చువ్వ

మా టీకొట్టు ముందు బెంచీ మీద ఆయన కూర్చున్నాడంటే, ఆ రోజు నా కెటిల్ పొయ్యి దిగదు, నా చెవులకి విశ్రాంతీ ఉండదు. లారీ నడిపి మానేసిన మనిషి. పక్కనే నారుమొక్కల నర్సరీ ఆయన మరదలిది. ఆమె 'బావా' అని పిలుస్తుంది కాబట్టి వీధి మొత్తానికీ ఆయన బావగారే.

ఆ పూట మరదలు నిలబడే ఉంది. టీ ఇచ్చినా తీసుకోలేదు.

"బావా, ఒక్కటే అడుగుతున్నా. నాలుగు వేల టమాటా మొక్కల నారు పాలిపోయి పసుపెక్కింది. పది రోజుల్లో రైతులు వస్తారు, దున్ని పెట్టుకుని కూర్చున్నారు. ట్రేల్లో పోసింది నువ్వు చేసిన ఎరువే. వేడి చూడ్డానికి ఎరువు కుప్పలో గుచ్చిన ఇనప చువ్వ తీసినప్పుడు వేడిగా ఉందా, చల్లగా ఉందా?"

"అదే చెబుతున్నానుగా! కూర్చోవే ముందు. మొదట్నించీ చెప్పకపోతే నీకెలా అర్థమవుతుంది? తమ్ముడూ, నాకో టీ. మరదలికీ ఇవ్వు, కోపంగా ఉంది. నువ్వేమో మీ అక్క మోకాలి ఆపరేషన్ అని ఆరు వారాలు మా ఇంట్లో కూర్చున్నావు, కుప్ప నాకప్పగించావు. అప్పగించి ఏమన్నావు? పొట్టు ఓ వరస, పచ్చి చెత్త ఓ వరస, వారానికోసారి తిరగెయ్యి బావా అన్నావు. నేనేం చేశానో తెలుసా? నలుగురు కూలీలు రెండు రోజులు తిరగేసే కుప్పని ఒక్కడినే, ఒక్క పొద్దుటి పూట తిరగేశా. టిఫిన్ టైముకి పార కడిగేసి ఇంట్లో ఉన్నా."

"ఆ రోజు నువ్వు పదకొండింటికి నా షాపులో గడ్డం గీయించుకుంటున్నావు కదన్నా," అన్నాడు ఎదురు సెలూన్ ఆయన.

"తిరగేసి వచ్చే గీయించుకున్నానయ్యా! ఈయనొకడు, ప్రతిదానికీ అడ్డం. ఎక్కడున్నాను? ఆఁ, తిరగేశాను. తెల్లారి వెళ్ళి చూస్తే కుప్ప మీద పొగ! చువ్వ లాగబోతే చెయ్యి చురుక్కుమంది. ఇదిగో, ఈ మచ్చ అదే."

"అది సైలెన్సర్ తగిలి కాలిన మచ్చ. నా పెళ్ళినాటికే ఉంది," అంది మరదలు. "వేడిగా ఉందంటావు, అంతేనా?"

"వేడా! ఆ వేడి గురించి నన్నడుగు. కుప్ప మీద గిన్నె పెట్టా, నీళ్ళు పోశా, మూడు పొంగులు. ఇస్త్రీ బండాయన బొగ్గులు మానేసి పెట్టె తెచ్చి కుప్పలో గుచ్చి వెళ్ళేవాడు. నాలుగు వీధుల బట్టలు, నా కుప్ప మీదే ఇస్త్రీ. పైనుంచి పోయే కాకులు రెక్కలతో ఎగరడం మానేసి విసురుకుంటూ పోయేవి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలియదు బావా. నాక్కావలసింది కూడా అది కాదు."

"వానపాములు! ఎక్కణ్ణించి కబురందిందో ఏమో, గుంపులు గుంపులుగా వచ్చాయి. ఒక్కోటీ నా మణికట్టంత. నీ దగ్గర నీళ్ళు పోసే మనిషి ఓ దాన్ని పైపనుకుని కుళాయికి తగిలించబోయాడు. అది వెనక్కి తిరిగి చూసిన చూపుకి వాడు రెండ్రోజులు పనిలోకి రాలేదు."

మరదలు నా వైపు చూసింది. నేనేం చెయ్యను? ఈయన నోరు తెరిచాక ఆపే మీట ఎవరికీ దొరకలేదు. నా టీ గ్లాసులు మూడోసారి కడిగాను.

"బావా, నీకు దణ్ణం పెడతా," అంది. "వేడి తగ్గకముందే ట్రేల్లో పోస్తే ఆ ఘాటుకి వేర్లు కాలతాయి. అప్పుడు మందు ఒకటి. అసలు వేడెక్కకుండానే పోస్తే మందు ఇంకొకటి. ఒకదానికి ఇంకోటి చేస్తే ఉన్నవి కూడా చస్తాయి. అందుకే అడుగుతున్నా. నాకు కథ వద్దు."

"కథేమిటే! జరిగింది చెబుతుంటే కథంటావు! మీ అక్కా ఇంతే, నోరు తెరవనివ్వదు. ఇదిగో, ఈ సెలూన్ ఆయన్నే అడుగు. ఈయన షాపులో ఊడ్చిన జుట్టు రెండు బస్తాలు కుప్పలో వేశానా లేదా?"

"ఒక సంచీ పట్టుకెళ్ళావు," అన్నాడు సెలూన్ ఆయన జాగ్రత్తగా.

"విన్నావుగా, సాక్ష్యం! జుట్టులో మహా బలముంటుంది. ఆ ఎరువేసిన చెట్టుకి టమాటాలు గడ్డాలతో కాశాయి. ఈయన్ని పిలిపించి గీయించాకే బజారుకి పంపా. ఇక అసలు సంగతి వినండి. ఆకు రాలుతుంది, కుళ్ళుతుంది, మట్టవుతుంది, మట్టిని వేరు తాగుతుంది, మళ్ళీ ఆకవుతుంది. లోకంలో దీనికి ఏడాది పడుతుంది. నా కుప్పలో? ఓ ఆకు మీద సుద్దముక్కతో గీత గీసి పొద్దున్నే వేశా. మధ్యాహ్నానికి మట్టి. సాయంత్రానికి అదే ఆకు, అదే కొమ్మకి! గీత కూడా చెరగలేదు. పురుగు కొరికిన చిల్లు సైతం ఉన్నచోటే ఉంది. మూడో రోజుకి ఎంత జోరందుకుందంటే, ఆకు కొమ్మ వదిలి నేల తాకేలోపే మట్టయి, వేరులోకి దూరి, పైన మళ్ళీ చిగురేసేది. చెట్టు కింద ఊడ్చే పనే లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చాలు బావా," అంది మరదలు. "నాకర్థమైంది."

"ఏమర్థమైంది? ఇంకా సగం కూడా చెప్పలేదు."

"అంత వేడి కుప్పని చల్లారకుండానే ట్రేల్లో పోశావు. వేర్లు కాలాయి. గంటసేపు నీళ్ళు వదిలి ట్రేలన్నీ కడిగేయాలి. మట్టిలో ఉన్న సారం మొత్తం కొట్టుకుపోతుంది, పోనీ. ఘాటు దిగుతుంది."

ఆమె కొంగు నడుముకి దోపుకుని నర్సరీ గేటు తోసింది. ఇక్కణ్ణించి చూస్తే లోపల పెద్ద వాల్వు కనిపిస్తుంది. రెండు చేతులతో పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. బిగుసుకుపోయి ఉన్నట్టుంది, కీచుమంది.

బావగారు టీ గ్లాసు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. "అదీ..." అన్నాడు. సెలూన్ ఆయన బావగారి మొహంలోకి చూస్తున్నాడు.

"అన్నా, వేడిగానే ఉందా?" అన్నాను నేను.

ఆయన గ్లాసు బెంచీ మీద పెట్టబోయి కింద పడేశాడు. "ఆగవే! ఆగు! తిప్పకు!" అని అరుస్తూ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. మేమూ వెనకే వెళ్ళాం.

"చల్లగా ఉంది," అన్నాడు వాల్వు మీద చెయ్యి వేసి, రొప్పుతూ. "చువ్వ చల్లగా ఉంది."

"ఎప్పుడు?"

"మొదటి రోజు నుంచీ. ఎప్పుడూ వేడెక్కలేదు. కూరగాయల మార్కెట్ నుంచి పచ్చి చెత్త తెమ్మన్నావు, తేలేదు. కంపు, బరువు... రేపు తెస్తానని రేపు తెస్తానని వదిలేశా. ఉన్నదంతా పొట్టే. తిరగెయ్యనూ లేదు. ఆరో వారం చువ్వ తీసి చూశాను. చల్లగా ఉంటే ఎరువు తయారైనట్టే అని నువ్వేగా చెప్పావు? అయిపోయిందనుకున్నా."

మరదలు అక్కడే తొట్టి గట్టు మీద కూలబడింది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

"పొయ్యి అంటించనే లేదు, చల్లగా ఉంది కాబట్టి వంటయిందనుకున్నావు," అంది. "పచ్చి పొట్టు బావా అది. దాన్ని కుళ్ళబెట్టే పురుగులకి తిండి కావాలి. చెత్తలో దొరకాల్సింది దొరక్క మొక్కల నోటి దగ్గరది లాక్కుని తింటున్నాయి. నా మొక్కలు ఆకలితో పాలిపోయాయి."

"బతుకుతాయా?" ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకప్పుడే తెలిసింది.

"ఇవాళే యూరియా నీళ్ళు పల్చగా కలిపి పోస్తే చాలావరకు తేరుకుంటాయి. పది రోజులుంది. రోజూ పొయ్యాలి." ఆమె తలెత్తింది. "అరగంట నుంచి అడుగుతున్నాను కదా. ఒక్క ముక్క. చల్లగా ఉందని చెబితే నీ సొమ్మేం పోయేది?"

"ఆరు వారాలు నువ్వు మా ఇంట్లో మీ అక్కని చెయ్యి పట్టుకుని నడిపించావు," అన్నాడు. "ఈ ఒక్క పని నాకప్పగించావు. అది చెయ్యలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆమె వాల్వు మళ్ళీ బిగించి, షెడ్డులో యూరియా నీళ్ళు కలిపి, క్యాన్లో తెచ్చి ఆయన చేతికిచ్చింది.

సెలూన్ ఆయన ఉండబట్టలేక అడిగాడు. "ఆయన్ని దారికి తేవడానికే కదమ్మా వాల్వు తిప్పావు? నిజంగా కడిగేసేదానివా?"

"కడిగేసేదాన్నే, అన్నా," అంది ఆమె. "బావ మాట తప్ప నా దగ్గర ఇంకేముంది?"

బావగారు మొదటి ట్రే దగ్గర వంగి, ఒక్కో మొక్క మొదట్లో చూసి చూసి నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. మేము వెళ్ళిపోయేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.