కొలిమి కంటికి పెట్టిన బొట్టు

“తాతా, కరిగిన ఉక్కు సందేళ ఆకాశం మాదిరి ఉంటాదంట గదా? నువ్వు సూసినావు గదా, సెప్పు” అని అడిగినాను. సోమవారం నుంచి నాకు నాయుడుపేట కాడ ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం. తాత టీ గ్లాసు కింద పెట్టి సెప్పడం మొదలుపెట్టినాడు.

సందేళ ఆకాశమా... సినిమాలు ఎక్కువైనాయి పాపా నీకు. దాన్ని ఉత్త కండ్లతో సూడలేం, నీలం అద్దంలో సూడాల. అందంగా ఉండాదని నేను యానాడూ అనుకోలా. మీ సిన్నతాత అనుకునేవాడు. మునెయ్య, నా తమ్ముడు. నువ్వు పుట్టకముందే పోయినాడులే. పటంలో సూసింటావు, మీసాలాయన. కాదు కాదు, ఆ పటంలో మీసాల్లేవు, పెండ్లి నాటిది అది...

ఏం సెప్తా ఉండాను? ఆఁ, కొలిమి. మా ఇద్దరికీ పాత ఇనుము కరిగించే కాడ పని. మొదట్లో కడ్డీ ముంచి వేడి సూసేది. వాడు పోయిన యేడే కంప్యూటర్ పెట్టినారు. ఎంత ఇనుము పోసినాం, ఎంత కరెంటు ఇచ్చినాం, దాన్నిబట్టి లోపల ఎంత వేడుండాలో అది లెక్క గడతాది. పైన దూరంగా ఒక అద్దం కన్ను పెట్టినారు. కన్ను సూసిన వేడిని బట్టి కరెంటు అదే పెంచుతాది, తగ్గిస్తాది. లెక్కా కన్నూ కలవకుంటే తెర ఎర్రగా అయ్యి కూస్తాది. మునెయ్యకు దాని మీద ఎంత మురిపెమో! “అన్నా, మన కొలిమికి సదువుకున్న కోడలొచ్చింది సూడు” అనేవాడు.

ఆయుధపూజ వచ్చింది. ఆ పొద్దు పార నుంచి లారీ దాకా అన్నిట్టికీ గంధం, కుంకం పెడతాం గదా. మావాడు నిచ్చెనెక్కినాడు. కోడలికి బొట్టు లేకుంటే ఎట్లా అని ఆ కంటికి, సరిగ్గా అద్దం నడాన పెట్టినాడు. మేమంతా కింద నిలబడి నవ్వినాం. ఒక్కరికి తోచలా పాపా, ఒక్కరికి గూడా...

గుమ్మడికాయ కొట్టి కొలిమి మొదలుపెట్టినారు. బొట్టు అడ్డమొచ్చి కంటికి వేడి తక్కువ కనపడింది. కరెంటు పెరగతానే ఉండాది. తెర కూసింది. ఇంజినీరమ్మ పరిగెత్తుకుంటా వచ్చి, “మునెయ్యా, లెక్క ప్రకారం ఈపాటికి ఎప్పుడో కాగిండాల. ఆపేద్దాం” అనింది. మావాడు సేతులు జోడించినాడు.

“అమ్మా, పూజ సేసిన పొద్దు తొలిగా పెట్టింది మద్దెలో ఆపగూడదమ్మా. యేడాదంతా కీడు. ఇంకొంచేపు.”

ఆయమ్మ కొత్తది. పెద్దోళ్లందరూ అదే మాటంటే ఏం సేస్తాది? నిలబడిపోయింది.

కొలిమి లోపలి గోడను ఆ వేడి తినేసింది. గోడ ఎనక నీళ్ల గొట్టాలు ఉంటాయి. కరిగిన ఇనుము నీళ్లను తాకితే బాంబు మాదిరి... వద్దులే. మునెయ్య అంచునే ఉండాడు. తిరుపతి ఆస్పత్రికి తీసకపోతా ఉంటే దావలో, “అన్నా, కొలిమి ఆపలేదు గదా?” అన్నాడు. లేదబ్బా అన్నాను. అంతే.

తర్వాత ఎవరో బొట్టు తుడిసి సూసినారు. కన్ను బాగానే ఉండాదంట. దానికేం కాలా.

నువ్వు కూసునేదీ అట్లాంటి తెర ముందరే గదా. అది కూస్తే కొలిమి ఆపు పాపా. పండగ గానీ, పెద్దోళ్లు గానీ, నేనే వచ్చి సేతులు జోడించినా సరే, ఆపు. ఆపినందుకు కీడనేది ఉంటే అది నాకు రానీ. నువ్వు సల్లగా ఉండు తల్లీ, సల్లగా...