గాజుపెట్టెలో పసుపు స్వెటర్

పొద్దుటినుంచి రెండు గ్యాలరీలు తిప్పి, సాయంత్రానికి అక్కను మూడోదానికి తీసుకొచ్చింది చెల్లెలు. రేపు మొదలయ్యే తన ప్రదర్శనను అందరికంటే ముందు అక్కే చూడాలట. చివరి గదిలో గాజుపెట్టె ముందు అక్క కాళ్లు ఆగిపోయాయి. లోపల పసిపిల్లల స్వెటర్, పసుపుపచ్చది.

“ఇది మా బాబుది కదూ?”

“అవునక్కా.”

“ఎవరి కంటా పడకుండా పారెయ్యమని కదే నీకిచ్చింది?”

“పారెయ్యడానికి మనసు రాలేదు.”

“అందుకని లైటు వేసి మరీ ఊరందరికీ చూపిస్తావా? పొద్దుటినుంచి విరిగిన కుర్చీలూ, పాత చెప్పులూ చూపించి, ఇదంతా కళేనక్కా అని పాఠాలు చెప్పింది ఇందుకా?”

“నీకు కాస్త అలవాటవుతుందని. ముందే చెబితే వద్దంటావని భయమేసింది. నీ పేరు ఎక్కడా లేదక్కా. చూడు, ‘సగంలో ఆగిన స్వెటర్’ అని మాత్రమే రాశాను.”

అక్క అద్దానికి మొహం ఆనించి చూసింది. భుజం దగ్గర ఊలు పోగు వేలాడుతోంది.

“దీని ఎడమ చెయ్యి ఏదీ?”

చెల్లెలు నేల చూపులు చూసింది.

“విప్పేశాను.”

“ఎందుకే?”

“రెండు చేతులూ ఉంటే మామూలు స్వెటర్‌లాగే ఉందక్కా. సగంలో ఆగితేనే చూసేవాళ్ల గుండె పట్టేస్తుందని...”

“నేను సగంలో ఆపలేదే. వాడు పోయాక, తలుపేసుకుని కూర్చుని అల్లింది ఆ ఒక్క చెయ్యే.”