అబ్బయ్య గీకిన మెట్లు

పాలిష్ మేస్త్రి అబ్బయ్య పొద్దున పదింటికి నాచారంలో దోర్కమ్మ చాయ్ బండి దగ్గర బల్ల మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడంటే ఆ రోజు పని దొరకలేదని అర్థం. పని లేని రోజు చేతులకే సెలవు, నోటికి కాదు. ఎదురుగా ఫ్యాక్టరీ షిఫ్ట్ దిగొచ్చిన మహిపాల్ ఉన్నాడు. అప్పుడే ఒకామె స్కూటీ పక్కకు ఆపి అల్లం చాయ్ అడిగింది. కొత్త మనిషి కనబడేసరికి అబ్బయ్య గొంతు పెరిగింది.

"మెట్లంటే మాటలా మహిపాల్? రెండేండ్ల కింద, హబ్సిగూడల ఒక పాత బంగ్లా. లోపల టేకు మెట్లు, టేకు రేలింగు. గంత మంచి కట్టె మీద ఎవనికి ఏది దొరికితే గది కొట్టిన్రు. ముందుగాల వార్నీష్, దాని మీద ఎర్రది, దాని మీద నీలం, ఆఖరికి దవాఖాన గోడల లెక్క పచ్చది. నేను పొయ్యి గోరుతోని ఇట్ల గీకి, వాసన సూసి, 'మూడు దినాలల్ల కట్టె బయటపడ్తది' అన్న."

"మూడు దినాలా? మా ఇంటి తలుపుకే వారం పట్టింది గద మామా!"

"మీ తలుపు వేపది. వేపకు మీ ఇంటోళ్లంత మొండితనం. జర ఇనరాదు! మొదటి దినం కింది మెట్టు కాడ కూసొని రంగు ఊడగొట్టే రిమూవర్ పూసిన. రంగు బుస్సుమని పొంగింది. గీకే ఇనుప పట్టీ పెట్టి ఒక్క తోపు తోసిన, పెనం మీద దోశ లేసినట్టు లేసింది. ఇంగ నేను ఆగలే. మెట్టు మెట్టు ఎక్కుకుంట, రేలింగు సుట్టు తిరుక్కుంట, ఊపిరి గూడ తీస్కోకుంట పైదాంక పొయిన. పైన నిలవడి ఎన్కకు తిరిగి సూస్తే ఏమైందో ఎర్కేనా?"

"ఏమైంది?" అంది స్కూటీ ఆమె.

"పెచ్చు ఒక్కటి తెగలే తల్లీ! పాము కుబుసం ఇడిశినట్టు ముప్పై రెండు మెట్ల రంగు, రేలింగు రంగుతోని సహా, ఒక్కటే తునుకగ ఊడొచ్చి పక్కన నిలవడ్డది. ఒక దిక్కు టేకు మెట్లు, ఒక దిక్కు రంగు మెట్లు!"

దోర్కమ్మ చాయ్ వడపోస్తూ, "అబద్ధానికైనా కింద జర పునాది ఉండాలె అబ్బయ్యా," అంది.

"అబద్ధమా? ఎక్కిన్రక్కా వాటిని! ఆ ఇంట్ల అన్నదమ్ములిద్దరికి పదేండ్ల సంది మాటల్లేవు. మెట్ల మీద ఎదురైతే ఒకడు ఇటు గోడకు, ఒకడు అటు గోడకు మొఖం పెట్టి నిలవడెటోళ్లు. ఇంగ ఫికర్ లేదు. పెద్దాయన టేకు మెట్లు దీస్కున్నడు, చిన్నాయన రంగు మెట్లు దీస్కున్నడు. వాళ్ల వకీలు నా చేతులు పట్కొని, 'అబ్బయ్యా, నా పొట్ట గొట్టినవు' అని ఏడ్సిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో దినం కట్టె నున్నగ చేసే ఎమ్రీ కాగితం పట్టిన. ఆ టేకుకు ఎన్నేండ్ల సంది గాలి తగల్లేదో, గట్టిగ ఒక ఊపిరి తీస్కున్నది. పదో మెట్టు కాడ మొలక. పన్నెండో మెట్టుకు ఆకు, గింత వెడల్పు. సూస్తుండంగనే రేలింగు పొడుగూత కొమ్మలు, కొమ్మల నిండ రామచిలుకలు! చిన్న కోడలు దిగుతుంటే ఒక చిలుక, 'వదినా, జారుతది, పట్కో' అన్నది. ప్రభువు తోడు!"

"ప్రభువును ఆ మెట్లెక్కియ్యకు," అంది దోర్కమ్మ.

"చిలుక మన యాసలనే మాట్లాడిందా మామా?"

"హబ్సిగూడ చిలుకాయె, ఇంకెట్ల మాట్లాడ్తది? మూడో దినం జంగ్లాతోళ్లు, గదే ఫారెస్టోళ్లు, జీపుల దిగిన్రు. 'హాల్ల అడవి పెంచినవు, పర్మిషన్ ఏది?' అన్నరు. 'సార్, నేను అడవి పెంచలే, రంగు గీకిన. లోపల అడవి ఉంటే నా తప్పా?' అన్న. వాళ్ల పెద్దసారు సూసొస్తనని మెట్లెక్కిండు. ఎక్కుతుండు, చెట్టు పెరుగుతుంది. ఎక్కుతుండు, పెరుగుతుంది. ఆఖరికి పైకెంచి ఒక కేక ఇనొచ్చింది, 'గంత దూరమున్న పోచారం కానొస్తుందిరో!' అని. గంతే, సారు ఇప్పటిదాంక దిగలే!"

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"మెట్లు ముప్పై రెండు కాదు మేస్త్రీ. పద్దెనిమిది."

"నీకెట్ల ఎరుక తల్లీ?"

"రోజూ ఎక్కి దిగుతున్న గద. నా పేరు త్రివేణి. ఆ ఇంటి చిన్న కోడల్ని. నన్ను వదినా అన్నది చిలుక కాదు, నువ్వే."

అబ్బయ్య కాళ్లు బల్ల మీది నుంచి మెల్లగా కిందికి దిగాయి.

"నువ్వు గీకింది ఏడు మెట్లు. ఎనిమిదో మెట్టు కాడ, నీ పని ఎవలో సూసి నేర్సుకుంటరని కిటికీలన్ని మూసి, రిమూవర్ డబ్బ మొత్తం ఒంపినవు. వాసన తలకెక్కి రేలింగును వాటేసుకొని పడ్డవు. మా ఆయన, మా బావగారు నిన్ను ఆటోల ఏసుకొని దవాఖానకు ఉరికిన్రు. దారి పొడుగూత చిలుకలు, అడవి అని ఒర్రుడే. తెలివి రాంగనే ఎవరికి చెప్పకుంట పారిపొయినవు. రెండేండ్లాయె."

మహిపాల్ తాగుతున్న చాయ్ ముక్కులోంచి వచ్చింది. దోర్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఒక్కటి మాత్రం నిజం," అంది త్రివేణి. "పదేండ్లు మాటల్లేని అన్నదమ్ములు, 'తల నువ్వు పట్టు, కాళ్లు నేను పడ్త' అని మాట్లాడుకున్నది నువ్వు పడ్డప్పుడే."

అబ్బయ్య తల ఎత్తలేదు. "మిగిలిన మెట్లు?"

"గట్లనే పచ్చగున్నయ్. ముగ్గురు మేస్త్రీలొచ్చిన్రు. నీ ఏడు మెట్ల మీద చెయ్యి పెట్టి సూసి, ఇంత నున్నగ మాతోని కాదని పొయిన్రు. వచ్చే నెల మా బావగారి బిడ్డ పెండ్లి. నువ్వే కావాలన్నది మా అత్త. రెండు దినాల సంది నీ కోసం నాచారం, ఉప్పల్ తిరుగుతున్న."

అతను ఏమంటాడోనని మహిపాల్ ముందుకు వంగాడు. అబ్బయ్య పనిముట్ల సంచి తీసుకుని, పట్టీ అంచును బొటనవేలితో ఒకసారి తడిమి చూసుకుని, వెళ్లి స్కూటీ వెనక కూర్చున్నాడు.

బండి కదిలాక త్రివేణి చెవి దగ్గర గొంతు తగ్గించి అడిగాడు.

"తల్లీ, పనయ్యేదాంక గా కిటికీల తలుపులు ఊడదీయిస్తరా?"